డ్రైవర్ దరియావలి పలువరస

అల్లూరులోని పెలికాన్ ఇంటర్నేషనల్ టెక్నో స్కూల్ యాజమాన్యం జూన్ నెలలో ఒక సర్క్యులర్ జారీ చేసింది. ఇకమీదట సిబ్బంది అందరూ నవ్వాలి. బోధనా సిబ్బంది పైవరస పళ్లు కనిపించేలా, బోధనేతర సిబ్బంది వీలైతే రెండు వరసలూ కనిపించేలా నవ్వాలి. మూతి ముడుచుకుని తిరిగేవారిపై తగు చర్య తీసుకోబడును. కింద కరస్పాండెంట్ జడ్సన్ గారి సంతకం, పక్కనే పచ్చ సిరాతో గీసిన ఒక నవ్వుముఖం.

సిబ్బంది ఈ నిర్ణయాన్ని సంతోషంగా స్వాగతించారు. స్వాగతించకపోతే ఏమవుతుందో సర్క్యులర్‌లోనే ఉంది.

చిక్కంతా మూడో నంబరు బస్సు డ్రైవరు దరియావలితో వచ్చింది. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. పుట్టింది ఉదయగిరి పక్క మెట్ట ఊళ్లో. అక్కడి బోరు నీళ్లు తాగి పెరిగినందువల్ల పళ్లు చిన్నప్పుడే గోధుమరంగు చారలు తేలాయి. అధికారులు ఆ నీళ్లను నాలుగుసార్లు పరీక్షించి, నాలుగుసార్లూ అవి నీళ్లేనని నిర్ధారించారు. దరియావలికి నవ్వొస్తే భుజం మీద తువాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. పెళ్లి ఫొటోలో కూడా తువాలే నవ్వుతోంది.

"పొద్దున్నే తల్లిదండ్రులు మొట్టమొదట చూసేది ఎవరిని? ప్రిన్సిపాల్‌నా? కాదు. డ్రైవర్‌ని!" అని స్టాఫ్ మీటింగులో జడ్సన్ గారు బల్ల గుద్దారు. "డ్రైవర్ నోరు అంటే సంస్థ ముఖద్వారం. ఆ ద్వారానికి సున్నం వేయించే బాధ్యత మనది."

నిజానికి దరియావలికి పళ్ల వల్ల ఏనాడూ ఇబ్బంది లేదు. ఆయన ఇబ్బందల్లా నిద్రతోనే. తొమ్మిది గంటలు పడుకుని లేచినా, రాత్రంతా వడ్ల మూటలు మోసినవాడిలా లేచేవాడు. పగలు ఎక్కడ కూలబడితే అక్కడే కళ్లు మూతలు పడేవి. శుక్రవారం మసీదులో స్తంభానికి ఆనుకుని, మంగలి కుర్చీలో సగం గడ్డంతో, ఒకసారి రైలు గేటు దగ్గర బస్సు ఆపుకుని. ఆ రోజు రైలు పోయింది, గేటు లేచింది, వెనక లారీలన్నీ హారన్లు కొట్టాయి. దరియావలి మాత్రం లేవలేదు.

అయినా సంస్థలో ఇది ఎవరికీ సమస్యగా కనిపించలేదు. ఎందుకంటే బస్సులో క్యాథరిన్ ఉంది. పిల్లలను ఎక్కించడం, దించడం ఆయమ్మగా ఆమె అధికారిక విధి. డ్రైవర్ సీటు వెనక నిలబడి, ఆయన తల ముందుకు వాలినప్పుడల్లా "అన్నా, గేదె!" అని అరవడం అనధికార విధి. రోడ్డు మీద గేదె ఉండాల్సిన అవసరం లేదు. పిల్లలకు కూడా తమ వంతు తెలుసు. దారిపొడవునా గొంతెత్తి పాటలు పాడేవాళ్లు. ఈ స్కూల్లో సంగీతం ఎంత బాగా నేర్పుతున్నారో అని ఊళ్లో తల్లిదండ్రులు మురిసిపోయేవారు.

ఇంట్లో మాత్రం బడేబీ మురిసిపోలేదు.

"నువ్వు గురక పెడతావుంటే నాకేం బయం లేదయ్యా," అనేది భర్తతో. "ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోతాది చూడు, అప్పుడే బయం. రొమ్ము మీద చెయ్యేసి చూస్తా. ఊపిరుండదు. తట్టి తట్టి లేపితే గుర్రుమని ఎగిరిపడతావు. ఇన్నేళ్లుగా నీకు కాపలా కాస్తుండా. నేను నిద్రపోయి ఎన్నాళ్లయిందో నీకేమన్నా తెలుసా?"

చుట్టాలు ఆమెనే మందలించారు. గురక పెట్టి నిద్రపోయే మగాడికి ఏ దిగులూ లేనట్టేనన్నారు. అలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు అల్లాకు మొక్కుకోమన్నారు.

పళ్లు తెల్లబరిపించుకు రమ్మని యాజమాన్యం దరియావలిని నెల్లూరు పంపించింది. జడ్సన్ గారి అల్లుడు డాక్టర్ బెన్హర్ అక్కడ స్మైల్ స్టూడియో నడుపుతున్నారు. దాన్ని పళ్ల ఆసుపత్రి అనకూడదు. వచ్చినవాళ్లను పేషెంట్లనీ అనకూడదు, గెస్టులనాలి. పంటి నొప్పితో వచ్చేవాళ్లను మర్యాదగా పక్క సందులోని పాతకాలం డాక్టరు దగ్గరికి పంపించేస్తారు. నొప్పితో ఉన్న ముఖాలు ఫొటోల్లో బాగా రావు. గోడ మీద పదిహేడు రకాల తెలుపులు వరసగా అంటించి ఉన్నాయి. దరియావలికి ఏ తెలుపు వేయాలో జడ్సన్ గారు అప్పటికే ఫోనులో నిర్ణయించారు. అది స్కూలు బస్సు మీద రాసిన అక్షరాల తెలుపు.

పని డాక్టర్ అబిగయీలుకు అప్పగించారు. ఆమె అక్కడ జీతానికి చేస్తోంది. మిషను చప్పుడు వినగానే ఎంతటివాళ్లైనా కుర్చీ చేతులు బిగించి పట్టుకుంటారు. దరియావలి గురక పెట్టాడు. అబిగయీలు మిషను ఆపి విన్నది. గురక పెరిగి పెరిగి, చటుక్కున ఆగింది. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, ముక్కులోంచి గాలి మాత్రం రావడం లేదు. ఆమె గోడ గడియారం చూసింది. ఇరవై రెండు సెకన్లు. అప్పుడు పెద్ద చప్పుడుతో ఊపిరి తిరిగొచ్చింది. మళ్లీ గురక. మళ్లీ ఆగింది.

ఆమె కంగారుగా బెన్హర్ గారిని పిలిచింది. ఆయన వచ్చి, చూసి, ముఖం విప్పారగా ఫోను తీసి వీడియో తీశారు. ఆ సాయంత్రమే అది ఇన్‌స్టాగ్రామ్‌లో వచ్చింది. "మా చికిత్స ఎంత హాయో చూడండి, గెస్ట్ నిద్రపోయారు!" పదకొండు వేల మంది లైకు కొట్టారు.

అబిగయీలు దరియావలిని లేపి కూర్చోబెట్టింది.

"దరియావలి గారూ, నిద్రలో మీ నాలుక వెనక్కి జారి గాలిదారి మూసేస్తా ఉండాది. ఊపిరాడక మెదడు ఉలిక్కిపడి మిమ్మల్ని లేపేస్తాది. రాత్రంతా ఇదే వరస. మీరు నిద్రపోతున్నామని అనుకుంటున్నారంతే. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. గుండెకు కూడా మంచిది కాదు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకోండి. కింది దవడను కొంచెం ముందుకు పట్టి ఉంచే క్లిప్పు ఒకటుంది, అదన్నా, ముక్కుకు గాలి పంపే మిషనన్నా పెట్టుకోవచ్చు. అందాకా బండి తోలబాకండి."

"తోలకపోతే ఉద్యోగం పోతాది గదమ్మా."

"బస్సులో ఎంతమంది పిల్లలు?"

"ఇరవై ముగ్గురు."

అబిగయీలు జబ్బు సంగతంతా వివరిస్తూ స్కూలు యాజమాన్యానికి ఉత్తరం రాసి ఆయన చేతిలో పెట్టింది.

తర్వాతి వారం పైవరసలో ఎనిమిది పళ్లకు తెల్లటి తొడుగులు అతికించారు. చేతికి అద్దం ఇచ్చారు. దరియావలి చాలాసేపు చూసుకున్నాడు. తువాలు తీసి భుజాన వేసుకుని, మళ్లీ చూసుకున్నాడు. నలభై ఎనిమిదేళ్లకు తొలిసారి తన నవ్వు ఎలా ఉంటుందో తెలిసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉత్తరం జేబులోనే మిగిలిపోయింది. ఇంత మంచి చేసిన యాజమాన్యానికి ఊపిరి గురించి కూడా చెప్పడం కృతఘ్నతగా తోచింది.

చొక్కా ఉతకబోయిన బడేబీకి ఆ ఉత్తరం దొరికింది. కూతురు సాహిరా చేత చదివించుకుని, నేరుగా స్కూలుకు వెళ్లింది. జడ్సన్ గారు ఆమెకు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించారు.

"చూడమ్మా, నిద్ర అనేది ఉద్యోగి తన సొంత సమయంలో చేసుకునే పని. సంస్థ జోక్యం చేసుకుంటే బాగుండదు. మీ ఆయన నవ్వు చూసినావా? ఎట్లుండాది?"

"నవ్వు బాగానే ఉండాది సార్. ఊపిరే ఉండటంలా."

"ఊపిరి ఫొటోలో కనపడదు గదమ్మా," అన్నారాయన ఎంతో ఓపికగా.

ఉత్తరాన్ని మాత్రం ఆయన నిర్లక్ష్యం చేయలేదు. ఫైలు చేయించారు.

ఆగస్టుకల్లా అల్లూరు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. దరియావలి నవ్వు, కింద 'మీ బిడ్డలు మా నవ్వుల్లో భద్రం' అన్న అక్షరాలు. వార్షికోత్సవంలో ఉత్తమ డ్రైవరుగా శాలువా కప్పారు. జడ్సన్ గారి ప్రసంగం యాభై నిమిషాలు సాగింది. ఇరవయ్యో నిమిషంలో వేదిక మీద దరియావలి తల కుర్చీకి ఆనింది, నోరు తెరుచుకుంది, ఎనిమిది పళ్లూ లైట్ల కింద తళతళలాడాయి. "చూశారా! కళ్లు మూసుకుని కూడా నవ్వగలిగిన నిబద్ధత ఇది!" అన్నారు కరస్పాండెంటు గారు. చప్పట్లు మోగాయి. చప్పట్లకు కూడా ఆయన లేవలేదు.

ఈ కార్యక్రమంలోనే మరో ప్రమోషను జరిగింది. క్యాథరిన్ పలువరస పుట్టుకతోనే ముత్యాల్లా ఉందని గమనించి, ఆమెను స్కూలు గేటు దగ్గర స్వాగతాధికారిణిగా నియమించారు. మూడో నంబరు బస్సులో ఆయమ్మ పోస్టు రద్దయింది. "సార్, నేను లేకపోతే అన్నకు గేదె గురించి ఎవురు చెప్తారు?" అని ఆమె అడిగింది. ఇప్పుడు రోడ్ల మీద గేదెలు తగ్గిపోయాయని జడ్సన్ గారు తెలియజేశారు.

ఆ తర్వాతి మంగళవారం సాయంత్రం పిల్లలు పాడలేదు. మర్నాడు పరీక్ష ఉందని పుస్తకాలు ముందేసుకుని ఎవరికి వాళ్లు చదువుకుంటున్నారు. చేలగట్టు పక్క రోడ్డు ఎడమకు తిరిగింది. బస్సు తిరగలేదు. తిన్నగా పోయి రొయ్యల గుంటలోకి దిగి, మెత్తగా కూరుకుపోయి ఆగింది.

ముందు చక్రాలు నీళ్లల్లో పడ్డ చప్పుడుకు దరియావలి కళ్లు తెరిచాడు. పిల్లల ఏడుపులు వినిపించాయి. ఏం జరిగిందో అర్థం కావడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని ఆయన తర్వాత ఎప్పుడూ ఎవరికీ వర్ణించి చెప్పలేకపోయాడు. నడుంలోతు నీళ్లలోకి దూకి, ఇద్దరిద్దరు చొప్పున భుజాల మీద ఎత్తుకుని గట్టు మీదికి చేర్చాడు. గుంట కాపలా చిన్నపోలయ్య సాయం పట్టాడు. ఇరవై ముగ్గురూ క్షేమం. ఇద్దరికి మోకాళ్లు గీరుకున్నాయి. దరియావలి మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఇరవై మూడే రావడం చూసి గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

పావుగంటలో జడ్సన్ గారు కారులో వచ్చారు. "పళ్లకేం కాలేదు గదా?" అని అడిగారు.

విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు జడ్సన్ గారు, వైద్య నిపుణులు బెన్హర్ గారు. వారంలోగా నివేదిక సిద్ధమైంది. తల్లిదండ్రుల సమావేశంలో దాన్ని చదివి వినిపించారు. రొయ్యల గుంట రోడ్డుకు అవసరానికి మించి దగ్గరగా ఉంది. సూర్యుడు ఆ సమయంలో పడమర వైపు ఉన్నాడు. రోడ్డు సైతం తన స్థానం నుంచి కొంత ఎడమకు జరిగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము. డ్రైవరు ఆద్యంతం చిరునవ్వుతో ఉన్నట్టు పిల్లలే చెప్పారు.

తల్లిదండ్రులు తృప్తిగా తలలాడించారు. అప్పుడు వెనక వరసలో దరియావలి లేచి, నడుచుకుంటూ వచ్చి, మైకు అడిగి తీసుకున్నాడు.

"రోడ్డు యాడికీ పోలేదు సార్. నేనే నిద్రపోయినాను. నాకు జబ్బుండాది. డాక్టరమ్మ ముందే రాసిచ్చినాది. బండి తోలొద్దంటే తోలినాను. తప్పు నాది. మీ బిడ్డల్ని చంపబోయినాను." జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

సంఘం అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. నివేదికలో 'నిద్ర' అన్న మాట సంస్థ గౌరవానికి భంగకరమని తేల్చి, దాని స్థానంలో 'కనురెప్పల దీర్ఘ సంయోగం' అని చేర్చింది. రాజీనామాను ఆమోదించింది. తొడుగులు సంస్థ ఆస్తి గనుక ఊడదీసి అప్పగించాలని ఒక సభ్యుడు కోరగా, ఊడదీయడం ప్యాకేజీలో లేదని బెన్హర్ గారు వివరణ ఇచ్చారు. చివరికి, రాబోయే మూడేళ్లు మరే స్కూలు తరఫునా బహిరంగంగా నవ్వనని దరియావలి చేత సంతకం పెట్టించుకున్నారు. గెస్టును అనవసరంగా భయపెట్టినందుకు అబిగయీలును స్టూడియో నుంచి తొలగించారు.

ఆమె ఒక చిన్న చర్చి ఆసుపత్రిలో చేరింది. దరియావలిని తానే పెద్దాసుపత్రికి పంపి పరీక్ష చేయించింది. గంటకు ఇరవై నాలుగుసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. ఆమె కొలతలు తీసుకుని దవడ క్లిప్పు చేయించి, రోజూ పెట్టుకోవడం నేర్పింది. మొదటి వారం నోరంతా నొప్పి. రెండో వారంలో ఒక ఉదయం దరియావలి లేచి, తల తేలిగ్గా ఉండటం చూసి, ఇదేదో కొత్త జబ్బేమోనని భయపడ్డాడు. చెబుదామని బడేబీ వైపు తిరిగాడు. బడేబీ నిద్రపోతోంది. పొద్దెక్కినా నిద్రపోతోంది. ఆయన లేపలేదు. తానే పొయ్యి వెలిగించి టీ పెట్టుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసి, ఇక బండి తోలొచ్చని డాక్టర్లు రాసిచ్చారు. దరియావలి ఒక ఆటో అద్దెకు తీసుకుని బస్టాండులో పెట్టాడు. పగలు ఒక్క కునుకు కూడా రావడం లేదు. వచ్చే పోయే జనాన్ని, కొంగల్ని, కరెంటు తీగల్ని చూస్తూ కూర్చుంటే ఇన్నేళ్లూ తానేం చూశాడో ఆయనకే ఆశ్చర్యంగా ఉండేది.

ఒక ఉదయం మూడో నంబరు బస్సు గంట ఆలస్యమైంది. పిల్లలతో నిలబడ్డ తల్లిదండ్రుల దగ్గరికి దరియావలి వెళ్లి, తాను దిగబెడతానన్నాడు. బ్యాంకులో పనిచేసే హెబ్రోను గారు మొహమాటంగా నవ్వి, ఆవులించి, ఫోను చూసుకున్నారు. అంతలో బస్సు వచ్చింది, కాస్త అటూ ఇటూ ఊగుతూ. కొత్త డ్రైవరు చక్కటి పలువరసతో అందరికీ నవ్వు పంచాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెళ్లిళ్ల సీజను కదా, రాత్రంతా టూరిస్టు బస్సు తోలి అటునుంచి అటే వచ్చానని గర్వంగా చెప్పాడు. ఎంత కష్టజీవో అని తల్లిదండ్రులు మెచ్చుకున్నారు.

"ఎక్కించబాకండి సార్," అన్నాడు దరియావలి, హెబ్రోను గారి చెయ్యి పట్టుకుని. "ఆ కళ్లు నాకు తెలుసు. నా ఆటోలో రండి. డాక్టర్ల కాగితం కూడా ఉండాది."

హెబ్రోను గారు చెయ్యి మెల్లగా విడిపించుకుని, కూతుర్ని బస్సెక్కించి, టాటా చెప్పి వచ్చారు.

"ఏమనుకోబాక దరియావలీ," అన్నారు. "స్టీరింగు ముందు నిద్రపోయినానని నువ్వే మైకులో ఒప్పుకున్నావు గదా. నీకు బిడ్డనెట్టా అప్పజెప్పేది? మిగతా డ్రైవర్లు ఒక్కడు కూడా ఇంతవరకు ఒప్పుకోలా."