బొటనవేలికి పద్నాలుగు సాఫ్ట్‌వేర్లు

ఫొటో ప్రింటు తీయడమంత తొందరపాటు పని ఇంకొకటి లేదు. ఈ మాట నోటికొచ్చి అనడం లేదు, ఆరు నెలలు పరిశోధన చేసి అంటున్నాను.

ఏడాదికి నాలుగంటే నాలుగు ఫొటోలు ప్రింటు తీసుకునే మామూలు మనిషికి నాలుగు వందల బటన్లున్న సాఫ్ట్‌వేర్ ఎందుకని కొందరు అమాయకులు అడుగుతుంటారు. ఎందుకేమిటి? ఆ బటన్లే లేకపోతే ఆ మనిషి పది నిమిషాల్లో ప్రింటు తీసేసి, గోడకి తగిలించేసి, ఇక చేయడానికి పనేమీ లేక ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ కూర్చుంటాడు! అదెంత ప్రమాదమో సంసారులకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి పాఠకులారా, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోలేకపోవడమనేది ఈ కాలం మనకిచ్చిన వరమని నా వాదన. వరం ఎవరికి దక్కిందో మాత్రం చివర్లో చెబుతాను.

ముందుగా నా యోగ్యతలు మనవి చేసుకోవాలి. నేను సీసాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. బెల్టు మీద సీసాలు వరసగా వస్తుంటాయి, లైటు ముందు కూర్చుని చూస్తుంటాను. లోపల బుడగ ఉంటే పక్కకి, గీత పడితే పక్కకి, మూతి వంకరైతే పక్కకి. ఇరవై తొమ్మిదేళ్లుగా వంక పెట్టడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా నేను డ్యూటీ దిగనని మా ఆవిడ అంటుంది కానీ, అది ఇక్కడ అప్రస్తుతం.

ఇక అసలు కథ. మా అమ్మకీ, వాళ్లక్కకీ, అంటే మా పెద్దమ్మకీ, పదిహేనేళ్లు మాటల్లేవు. కారణం ఒక కుట్టుమిషను. మా అమ్మమ్మ పోయాక ఆ మిషను ఎవరింటికి వెళ్లాలన్న దగ్గర మొదలైంది. మిషనుకి తుప్పు పట్టింది గానీ కోపానికి పట్టలేదు. అలాంటిది, ఆరు నెలల కిందట ఒక ఆదివారం పెద్దమ్మ టాక్సీ దిగి తిన్నగా మా ఇంట్లోకి వచ్చి, సోఫాలో అమ్మ పక్కన కూర్చుని, "ఏమే, చిక్కిపోయావు" అంది. అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ కూడా ఏడ్చింది. నేను మాత్రం ఫోను తీశాను. ఇంట్లో ఏం జరిగినా ఫొటో తీయడం నా శాఖ.

ఒక్క ఫొటోయే తీయగలిగాను. ఈలోగా టాక్సీవాడు హారను కొట్టాడు. పెద్దమ్మ లేస్తూ, "దాన్ని అచ్చు వేయించి ఇవ్వరా. నా గదిలో పెట్టుకుంటాను" అంది.

"మీ ఫోన్‌కి పంపిస్తాను పెద్దమ్మా, ఇప్పుడే."

"ఫోన్లో ఉంటే గోడ మీద ఉన్నట్టా? అచ్చు కావాలి. మంచం మీంచి కనపడాలి."

"దానికేం భాగ్యం! ఇంట్లో ప్రింటర్ ఉంది. పది నిమిషాల పని" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఫోను. "మేకు కొట్టించేశానురా" అంది.

నేను ఫొటోని కంప్యూటర్లో తెరిచాను. అక్కాచెల్లెళ్లిద్దరూ చక్కగా పడ్డారు. చేతిలో చెయ్యి, కళ్లలో తడి, పెదవుల మీద నవ్వు. కానీ కింద కుడి మూలన గులాబీ రంగులో ఒక మబ్బు. పెద్దది చేసి చూశాను. నా బొటనవేలు! లెన్సుకి అడ్డం పడింది.

సీసా అయితే ఆ క్షణాన పక్కకి తోసేసేవాణ్ని. ఇది ఫొటో. మళ్లీ తీద్దామంటే ఆ ఏడుపు మళ్లీ రాదు. వేలు తీసేస్తే సరిపోతుంది. దానికొక చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి. ఇంట్లో ఎప్పుడో ఒకసారి ప్రింటు తీసుకునేవాడికి సరిపడేది, సింపుల్‌గా ఉండేది. అమ్మతో గట్టిగా చెప్పాను, "నువ్వు ముట్టుకోకు, నేను చూసుకుంటాను" అని. అమ్మ తల ఊపింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఏమిటో నాకప్పటికి తెలియదు.

మొదటి సాఫ్ట్‌వేర్ పేరులోనే సింపుల్ అని ఉంది. తెరిస్తే విమానం నడిపేవాడి ముందుండే బోర్డులాగా ఉంది. లేయర్లట, కర్వులట, మాస్కులట! మా వేలికి మాస్కు దేనికి? రెండోది నిజంగానే సింపుల్. ఎంత సింపులంటే అందులో ప్రింటు బటనే లేదు. మూడోది లోపలికి రానిచ్చే ముందు "మీరు ఎలాంటి సృజనకారులు?" అని అడిగింది. సమాధానం ఆలోచించుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నాలుగోది వేలు తీసేసింది! ఆనందంతో అమ్మని పిలిచాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఆ పూలకూజా ఎవరిదిరా?" అంది. వేలు ఉన్నచోట అది తన సొంత తెలివితో ఒక నీలం పూలకూజా పెట్టింది. మా ఇంట్లో పూలకూజా లేదు. "వద్దు బాబూ. కుట్టుమిషనుతో పాటు అమ్మ కూజా కూడా నేనే దాచుకున్నానని అనుకుంటుంది అక్క" అని అమ్మ భయపడింది.

అయిదోది ఇద్దరి ముఖాల మీద ముడతలన్నీ ఇస్త్రీ చేసిపెట్టింది. "ఈ పిల్లలెవరు?" అని అమ్మ అడిగింది. ఆరోది అన్నీ సవ్యంగా చేసి, చివర్లో డబ్బు కట్టలేదని తన కంపెనీ పేరు పెద్దమ్మ నుదుటి మీద ఐమూలగా అచ్చేసింది. ఏడోది ఏడు రోజులు ఉచితం. అందులో ఆరు రోజులు దాన్ని ఎలా వాడాలో చెప్పే వీడియోలు చూశాను. ఏడోనాడు దానికంటే మంచిది ఇంకొకటుందని ఒక వీడియోలోనే చెప్పారు.

ఇలా కాదని శాస్త్రీయంగా ఒక పట్టిక వేశాను. అడ్డంగా సాఫ్ట్‌వేర్లు, నిలువుగా ఇరవై మూడు లక్షణాలు. పదకొండో సాఫ్ట్‌వేర్ అయితే నా ఫోనులోని తొమ్మిది వేల ఫొటోల్లో ఎవరి ముఖం ఎన్నిసార్లుందో లెక్క తీసి పెట్టింది. అమ్మ రెండు వేల నూట నలభై. మా ఆవిడ పంతొమ్మిది వందల ఆరు. పక్కింటివాళ్ల పిల్లి మూడు వందల పన్నెండు. ఎంత గొప్ప సదుపాయం! దానికి పట్టికలో రెండు మార్కులు ఎక్కువ వేశాను. వేలు మాత్రం అది తీయలేకపోయింది.

ఫ్యాక్టరీలో నా హోదా కూడా పెరిగింది. ఫొటోల గురించి ఎవరికి ఏ అనుమానమొచ్చినా నా దగ్గరికే రావడం మొదలెట్టారు. ప్యాకింగ్ సూపర్‌వైజరుకి పొట్ట తగ్గించాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయనకి జుట్టు పెంచాలి. అందరికీ గంటలకొద్దీ సలహాలిచ్చాను. "మీరేది వాడతారు సార్?" అని అడిగితే మాత్రం, "ఇంకా పరిశీలనలో ఉంది" అనేవాణ్ని. చదువుకున్నవాడు అలాగే అంటాడు కదా!

అక్కడ మేకు మాత్రం ఖాళీగా ఉంది. ఉండలేదనుకోండి. మొదటి నెల దాని మీద క్యాలెండరు తగిలించానని పెద్దమ్మ చెప్పింది. మూడో నెలకి చేతిసంచి. అయిదో నెలకి, "ప్రస్తుతానికి గొడుగు వేలాడుతోందిరా. తడి కారి గోడ పాడవుతోంది" అంది. నేను పిక్సెల్స్ గురించి వివరించబోయాను. పెద్దమ్మ ఫోను పెట్టేసింది.

ఆరో నెలలో ఒక ఆదివారం పెద్దమ్మ నాకు కాకుండా అమ్మకి ఫోను చేసింది. అమ్మకి వినిపించదని స్పీకరు పెట్టుకుంటుంది కాబట్టి అందరం విన్నాం.

"ఇష్టం లేకపోతే లేదని చెప్పవే. నీ కొడుకుని అడ్డం పెట్టుకుని నాటకాలెందుకు? నా పక్కన కూర్చున్న ఫొటో నా గోడ మీద ఉండటం నీకు నామోషీ అయితే చెప్పెయ్. ఆ మేకు పీకించేస్తాను."

"అదికాదక్కా, వాడేదో సాఫ్ట్‌వేరని..."

"ఆరు నెలలా? పది నిమిషాలన్నాడు. నాకు తెలీదా నీ సంగతి! మిషను దగ్గరా ఇంతే చేశావ్."

ఫోను కట్టయింది. ఆ తరవాత రెండు ఆదివారాలు అమ్మ ఫోను మోగలేదు. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కుట్టుపని చేసుకునేది. సూదిలో దారం ఎక్కించడానికి రోజూ కంటే ఎక్కువసేపు పట్టేది. పదిహేనేళ్ల తరవాత కలిసినవాళ్లని విడదీయడానికి నాకు ఒక బొటనవేలు, పదమూడు సాఫ్ట్‌వేర్లు సరిపోయాయి. నాకు సిగ్గేసింది. సిగ్గేసి ఏం చేశాను? పద్నాలుగోది డౌన్‌లోడ్ చేశాను.

అది ఎక్కుతుండగా క్షవరం చేయించుకోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నా గదిలోంచి ప్రింటరు చప్పుడు. లోపల అమ్మ నిలబడి ఉంది, ఒక చేతిలో తన ఫోను, రెండో చేతిలో ఇంకా ఆరని ఫొటో.

"ఎలా తీశావమ్మా?" అన్నాను.

"ఎలా తీయడమేమిట్రా? నువ్వు ఆ రోజే నా ఫోనుకి పంపావు కదా. దాని మీద నొక్కితే ప్రింట్ అని వస్తుంది. నా కుట్టు డిజైన్లు వారం వారం ఎలా తీసుకుంటున్నాననుకున్నావ్?"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదూ?"

"ముట్టుకోకన్నావు కదా. నువ్వే చేస్తానన్నావు. కొడుకు చేస్తానన్న పనిలో నేను చెయ్యి పెడితే నువ్వు చిన్నబుచ్చుకోవూ?" అమ్మ ఫొటో మీద ఊదింది. "ఇంక మా అక్క చిన్నబుచ్చుకుంటోంది. నువ్వు తరవాత."

"అమ్మా, అందులో వేలుంది!"

"ఉండనీ."

"డిఫెక్టమ్మా అది!"

"నీ వేలు డిఫెక్టేమిట్రా? నేను కన్న వేలే కదా."



ఆ సాయంత్రమే ఫ్రేము కట్టించి అమ్మ, మా ఆవిడ, నేను ముగ్గురం పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. పెద్దమ్మ తలుపు తీసి పక్కకి తప్పుకుంది. అమ్మ తిన్నగా గదిలోకి వెళ్లి, మేకు మీంచి గొడుగు తీసి మూలన పెట్టి, ఫొటో తగిలించింది. పెద్దమ్మ మంచం మీద కూర్చుని అక్కణ్నించి చూసింది. తరవాత లేచి, భూతద్దం తెచ్చుకుని దగ్గర్నించి చూసింది.

"ఈ మూల ఇదేమిటే, గులాబీగా?"

"వీడి వేలు. దాన్ని తీసేయాలనే ఇన్నాళ్లూ కుస్తీ పట్టాడు."

పెద్దమ్మ భూతద్దం నా వైపు తిప్పింది. "తీసేయడమేమిట్రా? ఆ రోజు మీ హాల్లో ఉన్న ఫొటోలన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. వీడు ఇంట్లోనే ఉంటున్నాడా అని అడుగుదామనుకుని, మళ్లీ గొడవెందుకని ఊరుకున్నాను. పోనీలే, ఇందులో వేలైనా ఉంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు గుర్తొచ్చింది పదకొండో సాఫ్ట్‌వేర్ తీసిన లెక్క. అమ్మ ఉంది, మా ఆవిడ ఉంది, పక్కింటి పిల్లి ఉంది. తొమ్మిది వేల ఫొటోల ఆ జాబితాలో నేను లేను. పైగా దానికి రెండు మార్కులు ఎక్కువ వేశాను!

వరం ఎవరికి దక్కిందో చెబుతానన్నాను కదా. నాకే. నాకు ఎంచుకోవడం చేతకాదు కాబట్టి ఆ వేలు మిగిలింది. చేతనైతే మొదటి రోజే, మా ఇంటి మొత్తం మీద నేనున్న ఒకే ఒక్క ఫొటోలోంచి నన్ను నేనే శుభ్రంగా తుడిచేసుకుని, అంచులు కూడా సరిచూసుకుని, బాగా కుదిరిందని భుజం తట్టుకునేవాణ్ని. పద్నాలుగింటిలో ఏ ఒక్కటీ "ఇది మీరేనండీ, తీసేయమంటారా?" అని అడగలేదు. మీరెలాంటి సృజనకారులని అడిగాయి, డబ్బు ఎప్పుడు కడతారని అడిగాయి. ఈ ఒక్క ప్రశ్న భూతద్దం పట్టుకున్న ఎనభై ఏళ్ల ముసలావిడ అడగాల్సి వచ్చింది.

"వెళ్లి వాళ్ల మధ్యలో కూర్చోండి" అంది మా ఆవిడ, నా చేతిలోంచి ఫోను లాక్కుని. "ఏమండీ, ఆ లైటు సంగతి నాకు చెప్పకండి. కూర్చోండి."

మంచం మీద అమ్మకీ పెద్దమ్మకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దమ్మ ఒకటి పట్టుకుంది, అమ్మ ఒకటి పట్టుకుంది.

మా ఆవిడ తీసిన ఆ ఫొటో కూడా అమ్మే ప్రింటు తీసింది. మర్నాడు ఫ్యాక్టరీకి పట్టుకెళ్లి, సీసాలు చూసే లైటు ముందు పెట్టి చూశాను. ఫొటో కొంచెం వంకర. పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నా తల పైభాగం, కొత్త క్షవరంతో సహా, తెగిపోయింది. ఎడమ మూలన గులాబీ రంగు మబ్బొకటి ఉంది, మా ఆవిడ వేలు.

పాస్ చేశాను.