జెలీ చెంప మీద ఈగ

ప్రదర్శన తెరిచే ముందు రోజు పారిస్ చిత్రకారులంతా వచ్చి తమ బొమ్మలకు ఆఖరి వార్నిష్ పూసుకోవడం ఆనవాయితీ. ఆ ఉదయం ఫిర్మేన్ కూడా డబ్బా, కుంచె పట్టుకుని బయలుదేరాడు. ఒక్క పూత పూసేసి, మధ్యాహ్నం జెలీకి ఆమె బొమ్మ చూపించాలి. జెలీ ఇస్త్రీ పని చేసే పిల్ల. "నీ మొహం ఊరంతా చూస్తుంది" అని మాటిచ్చి, చలికాలమంతా ఆమెను కదలకుండా కూర్చోబెట్టాడు.

తీరా వెళ్తే, బొమ్మ కప్పుకు ఆనుకుని వేలాడుతోంది.

"మనవి పావురాలు చూస్తాయిలే!" అన్నాడు తోటి చిత్రకారుడు ఎవారిస్త్. అతని బొమ్మా ఆ వరుసలోదే.

ఫిర్మేన్ ఉసూరుమంటూ నిచ్చెనెక్కి, వార్నిష్ పూసి దిగాడు. దిగీ దిగగానే ఒక ఈగ పోయి తడి చెంప మీద వాలి అతుక్కుపోయింది. తోలుదామని మళ్లీ నిచ్చెన మీద కాలు పెట్టాడో లేదో, ఏ బొమ్మ ఎక్కడ తగిలించాలో తేల్చే పెద్దాయన వోకనార్ దుర్భిణి ఎత్తి ఆగిపోయాడు.

"ఆహా, ఆ ఈగ! రెక్కల్లో ఈనెలు కూడా వేశాడయ్యా! దింపండర్రా!"

"అయ్యా, అది నేను వెయ్యలేదు..."

"వినయం చాల్లేవయ్యా!"

బొమ్మ కంటి ఎత్తుకు దిగింది. జనం మూగారు. కుంచె జాడ కనబడకపోవడమే గొప్ప పనితనమని నమ్మినవాళ్లు. ఈగ కాళ్ల నూగు చూసి నోళ్లు వెళ్లబెట్టారు. ఒకాయన దాని నీడను మెచ్చుకున్నాడు. ఇంకొకాయన అది క్షణభంగురమైన యవ్వనానికి గుర్తని తేల్చాడు. ఈగ కాలు కదిపింది.

"చూశారా, కదిలినట్టే లేదూ!" అన్నాడు వోకనార్. ఫిర్మేన్‌కు చెమటలు పట్టాయి.

అప్పుడే జెలీ కొత్త టోపీ పెట్టుకుని వచ్చింది.

"ఇంతమంది మగాళ్లున్నారు, మొహం మీద ఈగ వాలితే తోలే దిక్కు లేదా?" అంటూ అందర్నీ తోసుకొచ్చి, ఈగను గోటితో చిమ్మేసింది. అది వోకనార్ గారి కాలరు మీద పడి కాళ్లు కొట్టుకుంది.

బొమ్మ మళ్లీ కప్పుకే అనుకుని ఫిర్మేన్ నిచ్చెన వైపు చూశాడు.

జెలీ మాత్రం కదల్లేదు. బొమ్మలో ఈగ వదిలిన చోట, ఇస్త్రీపెట్టె సెగకు కందిన చెంప. ఆ ఎరుపు కింద నెత్తురు ఆడుతున్నట్టే ఉంది. కళ్లు ఇప్పుడే ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టున్నాయి.

"నేను... ఇలా ఉంటానా?" అంది.

చూపులన్నీ ఒక్కొక్కటే ఆ మొహం మీదికి పోయి అక్కడే ఉండిపోయాయి. ఎవరో టోపీ తీశారు. తర్వాత అందరూ తీశారు.

"పెద్దాయనా, మళ్లీ పైకెత్తిద్దామా?" ఎవారిస్త్ ఇకిలించాడు.

ఎత్తిస్తే, ఎందుకు దింపించాడో చెప్పుకోవాలి. వోకనార్ కాలరు దులుపుకున్నాడు. "ఎత్తడమేంటయ్యా! నేను మొదట్నుంచీ ఆ చెంప గురించేగా చెబుతున్నా!"

ఆ సాయంత్రం ఎవారిస్త్ తేనె సీసాతో తన బొమ్మ దగ్గరికి నిచ్చెనెక్కుతూ కనిపించాడు.