ముప్పై ఎనిమిది మీటర్ల భయం

మా ఆవిడది చాలా ఎత్తైన ఉద్యోగం. మేడల మీద డ్రోను ఎగరేసి గోడల పగుళ్లు వెతుకుతుంది. నేను ఇంట్లోనే మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేస్తాను. గిన్నెలు తోమడం కూడా నా వంతే. ఇంట్లో నా ముద్దుపేరు షార్ట్ సర్క్యూట్.

ఆవిడ ఎప్పుడొస్తుందో తెలిస్తే సరిగ్గా అప్పుడే గిన్నెలు తోమి, అంతదాకా నడుం వాల్చవచ్చు కదా అనిపించింది. ఓ ఆదివారం గుట్టుగా డ్రోను మూత విప్పాను. లోపల ఒక తీగలో ఎత్తు, వేగం, బ్యాటరీ అంకెలు పారుతుంటాయి. దానికి బొటనవేలంత మైక్రోకంట్రోలర్ చిప్పు అతికించి, సిమ్ తగిలించాను. ఆ అంకెలు నా ఫోనుకు రాసాగాయి. డ్రోను పావుగంటసేపు లేవలేదంటే ఆవిడ బయలుదేరినట్టే.

మూడు వారాలు ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి గిన్నెలకు తళతళ, నాకు చెమటలు.

"పొద్దున్నుంచీ వంటింట్లోనేనా?" అనేది.

"తప్పుతుందా," అనేవాణ్ణి.

నాలుగో సోమవారం మధ్యాహ్నం ఫోను చూశాను. ఎత్తు ముప్పై ఎనిమిది. ఇరవై. ఆరు. సున్నా.

డ్రోను కూలిందనుకున్నాను. తర్వాత అంతకంటే పాడు ఆలోచన వచ్చింది. ఆవిడ మేడ అంచునే నిలబడుతుంది. డ్రోను చేతిలో ఉండగా కాలు జారిందేమో. నా అతుకు వల్లే ఏదో అయ్యుంటే?

ఐదుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు.

ఆవిడ పనిచేసే మేడ దాకా బస్సులో నలభై నిమిషాలూ నిలబడే ఉన్నాను, కూర్చుంటే బస్సు ఆలస్యమవుతుందన్నట్టు. సీట్లన్నీ ఖాళీయే. కాళ్లకు వేర్వేరు జతల చెప్పులు.

మేడ కింద బెంచీ మీద ఆవిడ నీళ్లు తాగుతోంది. పక్కన డ్రోను చెక్కుచెదరలేదు. నేను దాన్ని తిప్పి తిప్పి చూశాను.

"ఆన్‌లో ఉంచే లిఫ్టులో దింపాను," అంది. "లిఫ్టుకీ పడిపోవడానికీ తేడా మీ అంకెలకు తెలిసినట్టు లేదు."

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండు నిమిషాలు తక్కువ ఎగురుతోందని మొన్న మూత తీశాను. ఆ అతుకుల వంకర చూశాక ఎవరిదని అడగక్కర్లేదు. గిన్నెల తళతళ గుట్టూ అప్పుడే తెలిసింది."

"మరి ఫోనెందుకు ఎత్తలేదు? నా ప్రాణం పోయింది ఇక్కడ."

ఆవిడ నా చెప్పుల వంక చూసింది. గొంతు తగ్గింది. "తప్పే. మీరు గిన్నెల దగ్గరకు పరిగెడతారనుకున్నా. ఇంత దూరం వస్తారనుకోలేదు."

నీళ్ల సీసా నా చేతికిచ్చింది. నేను కరిగిపోయాను. ఆ కరగడమే కొంప ముంచింది.

"మా ఆఫీసరుకు మీ పనితనం చూపించా. మిగతా ఆరు డ్రోన్లకూ ఇలాంటిదే శుక్రవారంలోగా కావాలట. సరేనన్నాను."

"నాకు ఖాళీ ఎక్కడిది?"

"ఇదెందుకు అతికించారో ఆయన ముందు నన్ను నోరు విప్పమంటారా?"

ఆవిడ లేచి, పక్కనే ఉన్న తన కారు డిక్కీ తెరిచింది. ఆరు డ్రోను పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఇంటికెళ్లాక మా మూడో అంతస్తు దాకా మోసింది నేనే.