మేడం మెడలో లెక్కలు

ఆ పొద్దున వసంత పెట్టుకున్న పని ఒక్కటే. మర్నాడు హైదరాబాద్ నుంచి బట్టల కంపెనీ మేనేజర్ శోభారాణి వచ్చేలోగా ఎక్సెల్ షీట్‌లోని అంకెలను చూడముచ్చటైన స్లైడులుగా మార్చాలి. సిరిసిల్లలో ఓ చిన్న నేత సొసైటీకి లెక్కలు రాసేది ఆమే. పోయినసారి ఆ షీటునే తెర మీద పెడితే అందరూ ఆవలించారు, ఆర్డర్ ఇంకెవరికో పోయింది. ఈసారి కూడా యూనిఫాం ఆర్డర్ రాకపోతే సొసైటీలో సగం మగ్గాలు మూతపడతాయి.

అందుకే అంకెలన్నీ తీసేసి పొడవుగా ఒకే పట్టీ గీసింది. నెలంతా నేసిన దాంట్లో యూనిఫాం గుడ్డ ఎంతో అంత వెడల్పున నీలం, చీరలకు ఆకుపచ్చ, లంగా గుడ్డకు తెలుపు, నేతలో చెడిపోయిన గుడ్డకు ఎరుపు. తన పనితనానికి తానే మురిసిపోయి దాన్ని సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "రేపు మేడంకు గిదే. చూసి చెప్పుండ్రి" అని రాసింది. ఆ గ్రూపులో అప్పటిదాకా గుడ్డల డిజైన్లు తప్ప మరొకటి వచ్చింది లేదు. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

కాసేపటికి భూమేశ్ ఫోన్ చేశాడు. సొసైటీలో మగ్గాలున్నవాడు, మంచివాడు, ఏ పనైనా సగం విని పూర్తిగా చేసేవాడు.

"వసంతక్కా, మంచిగున్నది గని, ఎర్రది జర ఎక్కువైతలేదా? తగ్గిద్దామా?"

వసంతకు ఒళ్లు మండింది. "తగ్గిచ్చుడేంది? ఉన్నది ఉన్నట్టే ఉండాలె. మేడంకు అబద్ధం చూపిస్తమా?"

"అయ్యో, గట్లనే ఉంచుత. మరి ఎన్ని కావాలె?"

కాగితం మీద ప్రింట్లు తీయిస్తాడనుకుంది ఆమె. "మీటింగ్‌కు వచ్చినోళ్లకు మనిషికొకటి. మేడంకు రెండు."

"నువ్వు ఫికర్ చెయ్యకక్కా."

ఎంత బాధ్యత గల మనిషి అనుకుని వసంత నిశ్చింతగా భోజనానికి వెళ్లింది. అక్కడ భూమేశ్ మరో ఇద్దరిని సాయం పిలిచి, రంగు రంగు నూలు కండెలు మార్చుకుంటూ మగ్గం నడిపించాడు. "మేడం మస్తు కచ్చితమట. ఎర్రది ఒక్క పోగు తగ్గొద్దు" అని వాళ్లను హెచ్చరించాడు కూడా.

మర్నాడు మీటింగ్‌లో వసంత రెండో స్లైడు దాటకముందే శోభారాణి చేయి ఫోన్ మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే భూమేశ్ ఓ మూటతో లోపలికి వచ్చి మనిషికో నాలుగు రంగుల తువ్వాల పంచాడు. శోభారాణికి మాత్రం సన్మానం చేసినట్టు భుజాల మీదుగా కప్పాడు.

"మేడం, మీరు పంపిన డిజైన్!"

"నేనేం పంపలేదే?"

వసంతకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ స్లైడు చూపించడానికి లోలోపల భయపడుతోందో అది మేడం మెడలో ఉంది. అందులోని ఎరుపు ఆవిడ గుండెల మీదే ఉంది. ఇక దాచడానికేముంది? చెప్పేసింది.

"మేడం, గది డిజైన్ కాదు. పోయిన నెల మా లెక్క. నీలం యూనిఫాం గుడ్డ, ఆకుపచ్చ చీరలు, తెల్లది లంగా గుడ్డ. ఎర్రది డ్యామేజీ."

శోభారాణి ఎర్ర పట్టీని వేళ్లతో కొలిచి చూసింది.

"ప్రతి చోటా డ్యామేజీ ఎంతని అడిగితే మాట మార్చేస్తారండీ. మీరు మెడలో వేసి మరీ చూపించారు. ఇలాంటి వాళ్లకైతే నమ్మి ఇవ్వొచ్చు. యూనిఫాం ఆర్డర్ మీదే. ఈ తువ్వాలలు కూడా ఒక లాట్ పంపండి."

మేడం కారు కదిలాక వసంత కళ్లు నిండాయి. తన బొమ్మను నమ్మి వేరే పని ఆపుకుని నేసిన ఆ మనుషులకు ఎలా కృతజ్ఞత చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"నీకు దండం పెడుత భూమేశ్. మా అందరి బువ్వ నిలవెట్టినవ్."

"నాదేమున్నదక్కా, బొమ్మ నీదేనాయె" అని అతను సిగ్గుపడ్డాడు. "ముందు పెండ్లిళ్ల సీజన్. వచ్చే నెల లెక్కల్ల జర పసుపు ఎక్కువ వచ్చేటట్టు చూడరాదు?"

వసంత కాదనలేక సరేనని తలూపింది. వచ్చే నెల పట్టీలో పసుపు రంగును ఆమె అప్పటికే, మగ్గాలు పని లేక ఆగిన గంటల కోసం అట్టిపెట్టి ఉంచింది.