ఎనిమిది గుర్రాల ఉద్యోగం

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిన రోజు పొద్దున్నకి, చింతరేవుపేటలో సూరాడ దానయ్య పడవకున్న ఎనిమిది గుర్రాల బలం మోటారు పదవీ విరమణ చేసేసి ఉంది. ఇందులో వింతేమీ లేదు. సర్కారు సబ్సిడీ మీద ఇచ్చిన మోటారు సర్కారు కొలువులో ఉన్నట్టే లెక్క. కొలువులో చేరినవాళ్ళు ఏదో ఒకనాడు దిగిపోవలసిందే. ఆ సంగతి పడవ యజమానికి ఎవరూ చెప్పకపోవడమే కాస్త ఇబ్బంది అయింది.

దానయ్య పడవ వెనక్కి వెళ్ళి, నడుం వంచి, మోటారు తాడు గుంజాడు. అది ఒక్కసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ గుంజాడు. మధ్యాహ్నం కునుకు తీస్తున్న పెద్దమనిషిని పనిగట్టుకుని లేపితే ఎలా దగ్గుతాడో అలా దగ్గింది.

"నా సేతిలో సచ్చిన మోటారు లేదే. దీని నాడి నాకు తెల్దేటి?" అన్నాడు భార్య కాసులమ్మతో, చొక్కా చేతులు మడుస్తూ.

అది ఉత్త కోతలరాయుడి మాట కాదు. రేవులో ఎవరి మోటారు మొరాయించినా దానయ్యనే పిలిచేవాళ్ళు. పిలవకపోయినా వెళ్ళేవాడు. మోటారు పైమూత ఊడదీశాడు. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దాడు. తాడు లాగి చూస్తే నిప్పురవ్వ నీలంగా, ముచ్చటగా ఎగిరింది. కార్బురేటర్ విప్పి నోటితో ఊదాడు. పెట్రోలు గొట్టాన్ని పీల్చి, వచ్చింది ఇసకలో ఉమ్మి, మంచి సరుకేనని తేల్చాడు. ఉప్పు పట్టిన లోపలి దారులన్నిటికీ మంచినీళ్ళు తాగించాడు. నీళ్ళలో తిరిగే పంకాకి పట్టిన నాచు గీకాడు. ఇంత సేవా చేయించుకుని, ఆ మోటారు మునుపటికన్నా శుభ్రంగా దగ్గింది.

అప్పటికి మిగతా పడవలన్నీ అలలు దాటి వెళ్ళిపోయాయి. దానయ్య వాటి వంక చూసి ఇసకలో కూలబడ్డాడు. కుడి భుజం పట్టు తప్పి చాలాకాలమైంది. తెడ్డు వేసి కెరటాన్ని దాటడం ఇక ఆయన వల్ల కాదు. మోటారు లేకపోతే ఎవడి పడవలోనో కూలీగా ఎక్కాలి, ఎవడో రమ్మన్నప్పుడు రావాలి, పొమ్మన్నప్పుడు పోవాలి. ఆ మాట తలపుకొస్తేనే ఒళ్ళు మండేది. తన పడవ మీద తను వెళ్ళే రోజులు పోతే బతికి ఉండీ దేనికని ఆయన గట్టి నమ్మకం.

"దీన్ని ఆపీసుకే మోసుకుపోతాను. నిజం బయటపడతాది," అని మోటారుని సైకిలు వెనక కట్టుకుని బయల్దేరాడు. కాసులమ్మ వెనకనుంచి పట్టుకుని నడిచింది.

మోటార్ల సేవా కార్యాలయంలో సూపరింటెండెంటు శేషావతారం కాగితాలమీద నుంచి తలెత్తి, మోటారుని చూసి, చటాలున లేచి నిలబడ్డాడు. బంట్రోతుని కేకేసి మోటారుకి కుర్చీ వేయించాడు. ఫ్యాను అటువైపు తిప్పించాడు. దానయ్యా కాసులమ్మా గోడవారగా నిలబడ్డారు.

"నిన్ననే దిగిపోయారు, ఇవాళే ఆఫీసుకి తీసుకొచ్చేశావా? రెండ్రోజులు విశ్రాంతి తీసుకోనివ్వకపోయావా?" అన్నాడు శేషావతారం.

"దిగిపోవడమేటి బాబూ?"

శేషావతారం ఓపికగా చెప్పాడు. నిన్న రేవులో గంగమ్మ పూజ జరిగింది. ఏటా వేటకి దిగే ముందు జరిగేదే. అందరూ పడవ ముక్కుకి పసుపు రాసి, మోటారుకి నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టి ఊరుకున్నారు. దానయ్య మాత్రం మురిపెం ఆపుకోలేక మోటారు మెళ్ళో బంతిపూల దండ వేశాడు, శాలువా కప్పాడు. వచ్చినవాళ్ళకి లడ్డూ, కారప్పూస పంచాడు. అంతటితో ఆగినా బాగుండేది. మోటారు మీద చెయ్యేసి, ఇది ఇన్నేళ్ళలో ఒక్కనాడూ నన్ను నడిసంద్రంలో వొగ్గేయలేదని అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టి వరసగా నిలబడి ఫోటో దిగారు. దండ, శాలువా, తీపీ కారం, పొగడ్త, గ్రూపు ఫోటో, ఇవన్నీ ఒకే పూట జరిగితే పదవీ విరమణ జరిగిపోయినట్టేనని నిబంధన ఉంది. పనిలో ఉన్నవాడిని ఎవరూ పొగడరన్నది ఆ నిబంధన వెనకున్న అనుభవం.

"నేనూ అక్కడే ఉన్నాను కదయ్యా. లడ్డూ కూడా తిన్నాను," అన్నాడు శేషావతారం.

"దండ తీసేత్తాను బాబూ. ఇప్పుడే తీసేత్తాను."

"పడ్డ దండ పడనట్టు అవుతుందా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది దానయ్య పని. కాసులమ్మ మొగుడి వంక గుర్రుగా చూసింది. "నాకు పెళ్ళినాడు ఏసిన దండే, మల్లీ ఏసిన పాపాన పోలేదు. దీనికి బంతిపూలు గావలసొచ్చినాయేటి?" అంది.

"మల్లీ పన్లోకి పిలిసే దారి లేదేటి బాబూ?" అన్నాడు దానయ్య.

"ఎందుకు లేదు? కాంట్రాక్టు మీద పిలవొచ్చు. కాకపోతే వారు ఒప్పుకోవాలి." శేషావతారం కుర్చీ దగ్గరికి వెళ్ళి, మోటారు చెవి ఉండదగ్గ చోట వంగి అడిగాడు. చేతులు కట్టుకుని జవాబు కోసం కాచుకున్నాడు. ఫ్యాను గాలికి మోటారు తాడు కొస కాస్త ఊగింది. "వద్దంటున్నారు. ఇరవై ఏళ్ళు ఉప్పునీళ్ళలో మునిగి పనిచేశారు. ఇక విశ్రాంతి కోరుకోవడం తప్పా?"

దానయ్యకి జీవితంలో మొట్టమొదటిసారి ఒక మోటారు మీద అసూయ పుట్టింది.

"నానూ ఆ నీల్లలోనే ఉన్నాను గదా బాబూ, అంతకి రెట్టింపు కాలం. మరి నాకెప్పుడు ఇసరాంతి?"

"నువ్వు సర్వీసులో చేరలేదు కదా. ఎక్కనివాడు ఎలా దిగుతాడయ్యా?"

దానయ్య ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు.

శేషావతారం మనసున్నవాడు. వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపడం ఆయనకి ఇష్టముండదు. కళ్ళజోడు తుడుచుకుని, "ఒక దారుంది. వారి ఆరోగ్యం బాగాలేదని రాస్తే, ఆ ఖాళీలో వారి మీద ఆధారపడినవాళ్ళని ఒకరిని తీసుకోవచ్చు. కారుణ్య నియామకం అంటారు. ఇన్నాళ్ళూ ఈ మోటారు సంపాదన మీద బతికినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు.

"నానే బాబూ! నా ఇల్లు నిలబెట్టిందే అది!" అన్నాడు దానయ్య ఛాతీ విరుచుకుని.

"అయితే నువ్వే మోటారువి," అన్నాడు శేషావతారం.

కాసులమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మో! మడిసి మోటారెలగవుతాడు బాబూ?"

"ఎనిమిది గుర్రాల పోస్టమ్మా. పర్మనెంటు."

కాసులమ్మ వేలు దించింది. వాళ్ళ వీధిలో సర్కారు కొలువున్న ఇల్లు ఒక్కటీ లేదు. దారిలో బెల్లం కొనుక్కుని, ఇంటింటికీ పంచుకుంటూ వెళ్ళింది. నవ్విన నాపచేనే పండుతుందని వాళ్ళూ వీళ్ళూ అన్నారు. వయసు మీరిందన్న అభ్యంతరం రానేలేదు. మనిషిగా అరవై దాటినా, మోటారుగా దానయ్య ఇంకా కొత్తదే.

వైద్య పరీక్షలో డాక్టరు దానయ్య నడుముకి తాడు చుట్టి గుంజాడు. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారికి దానయ్య కడుపులోంచి దడదడమని శబ్దం బయల్దేరింది. డాక్టరు చెవి ఆనించి విని, చప్పుడు కొద్దిగా గరుకుగా ఉన్నా సరుకు గట్టిదని రాసిచ్చాడు. భుజం సంగతి అడగలేదు. మోటారుకి భుజాలతో పని లేదు.

మర్నాడు దానయ్య చేతులు రెండూ పడవ వెనక చెక్కకి బోల్టులతో బిగించారు. కాళ్ళు నీళ్ళలోకి వదిలారు. కాసులమ్మ ఒడ్డున నిలబడి ఆయన నడుముకి చుట్టిన తాడు లాగింది. మొదట్లో కాళ్ళు మామూలుగా ఆడాయి. కెరటం దగ్గరకొచ్చేసరికి తిరగడం మొదలుపెట్టాయి. అరికాళ్ళు కంటికి ఆనలేదు, వెనక తెల్లటి నురగ మాత్రం లేచింది. పడవ కెరటాన్ని కోసుకుని అవతలికి పోయింది. దానయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రేవులో వాళ్ళు చూసి, పాతదానికన్నా ఇదే నయం, పొగ రాదన్నారు. వల వెయ్యడం, లాగడం కూడా ఆయనే చేశాడు. ఆ పూటకి బోల్టులు వదులు చేసుకోవచ్చని 'అప్పగించిన ఇతర పనులు' అనే నిబంధన కింద ఏర్పాటుంది.

తన మరమ్మతులు తనే చేసుకోవడం దానయ్యకి మరీ గర్వంగా ఉండేది. పొద్దున్నే గరుకు కాగితంతో పళ్ళు రుద్దుకునేవాడు. వేట నుంచి రాగానే మంచినీళ్ళు తాగి లోపలి ఉప్పు కడుక్కునేవాడు. "నా సేతిలో సచ్చిన మోటారు లేదు," అని ఎవరైనా అడిగినా అడగకపోయినా చెప్పేవాడు.

వారం తిరక్కుండా శేషావతారం ఒక చిన్న చిక్కుతో రేవుకి వచ్చాడు. కొలువులో ఉన్నవాళ్ళు తమ పేరున వ్యాపారం చెయ్యకూడదు. పడవ, వల ఇంకొకరి పేరున మార్చాలి. కాసులమ్మ పేరున పెడదామంటే ఉద్యోగి భార్య కూడా ఉద్యోగితో సమానమే. ఇంట్లో కొలువు లేనివారెవరా అని వెదికితే పాత మోటారు ఒక్కటే తేలింది. అలా పడవ పాత మోటారు పేరునయింది. ఆరోగ్యానికి సముద్రపు గాలి మంచిదని దాన్ని రోజూ పడవ ముందు పలక మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు. దానయ్య వెనకనుంచి నెట్టేవాడు.

"ఎవడి పడవలోనో కూలికి ఎక్కలేదు. అదీ నా గొప్ప," అనేవాడు కాసులమ్మతో. ఆమె తల ఊపి, ఆయన మోకాళ్ళకి ఆముదం పట్టించేది.

నెలాఖరున వాటాల రోజు వచ్చింది. ఆ రేవులో వాటాల పద్ధతి తాతలనాటిది, దాన్ని ఎవరూ మార్చలేరు. పట్టిన చేపలో పడవకో వాటా, వలకో వాటా, మోటారుకో వాటా తీసి, మిగిలింది పడవలో ఎక్కిన మనుషులకి తలా ఒక వాటా పంచుతారు. దానయ్య అదృష్టం, చందువా చేప బాగా పడింది. ఇసకలో కుప్పలు పోశారు. పడవ వాటా, వల వాటా యజమాని మోటారువి కనుక, వారి తరఫున కార్యాలయంవాళ్ళు బండిలో వేసుకున్నారు. మోటారు వాటా, అంటే దానయ్య జీతం, ఆముదానికి, గరుకు కాగితానికి సరిపోయింది. చివరి కుప్ప ఎవరిదో తేలకపోయేసరికి అదీ బండి ఎక్కింది.

కాసులమ్మ ఖాళీ గంపతో నిలబడి చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. "అదేటయ్యా? మరి మడిసి వాటా ఏదీ?" అంది.

దానయ్య ఇంకా పడవకి బిగించే ఉన్నాడు. కడుపులో దడదడ తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా, నచ్చచెప్పే గొంతుతో అన్నాడు. "ఎర్రిమొగమా! పడవలో మడిసెవడున్నాడే?"

కాసులమ్మ కళ్ళు తుడుచుకుని, అనుమానం తీరక, పడవలోకి ఒకసారి తొంగి చూసింది. ఆయన చెప్పింది నిజమే. ఎవరూ లేరు.