బొబ్బర్లపేట కుక్కల హాజరు

బొబ్బర్లపేట పురపాలక సంఘంలో ఒక కుక్కను చంపాలంటే దానికి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్న కుక్క చెప్పిన బుధవారం ఉదయం పది గంటలకు తనంతట తానే వచ్చి, కుక్కల షెడ్డు వెనక గేటు దగ్గర వరసలో నిలబడుతుంది. నోటీసు ఇవ్వకుండా ఎవరినీ ఏమీ చేయరాదని పూర్వం ఒక కమిషనరు రూలు రాసి పోయాడు. 'ఎవరినీ' అన్న మాటలో కుక్క కూడా ఉందా అని అడిగే ఓపిక ఆయన తర్వాత వచ్చిన వాళ్లకి లేకపోయింది.

పంతొమ్మిదేళ్లలో ఒక్క కుక్కా గైరుహాజరు కాలేదు. ఎండైనా వానైనా, కుంటుకుంటూ అయినా సరే, తొమ్మిదీ యాభైకల్లా వచ్చేసేవి. ఇంటిపన్ను నోటీసు తీసుకుని గుమ్మం వెనక దాక్కునే పెద్దమనుషులకి కమిషనర్లు ఈ కుక్కలనే ఉదాహరణగా చూపించేవారు.

ఆ నోటీసులు పట్టుకెళ్లి ఇచ్చేది తవిటయ్య. సైకిలు మీద వీధి వీధీ తిరిగి, కుక్క పడుకున్న చోటే గొంతుక్కూర్చుని, కాగితం పైకి చదివి వినిపించి, ముందుకాలు సిరా పెట్టెలో అద్దించి రసీదు మీద వేయించుకునేవాడు. ముద్ర సరిగా పడకపోతే మళ్లీ వేయించేవాడు. మనిషి అంత నికార్సు.

కుక్కలు అంత బుద్ధిగా ఎందుకొస్తాయో ఆఫీసులో ఎవరికీ తెలియదు. తవిటయ్యకి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి నోటీసు చేపల బజారులో ఒక గోధుమరంగు ఆడకుక్కకి ఇచ్చాడు. అది కాగితం వాసన చూసి మొహం తిప్పుకుంది. "నువ్వు రాకపోతే నా ఉజ్జోగం పోద్దే తల్లీ" అని దాని చెవిలో బతిమాలుకున్నాడు. అది వచ్చింది. ఆ మాట కుక్కల్లో ఎలా పాకిందో ఏమో, తర్వాత ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. అతని సైకిలు చూస్తే చాలు, కాలు చాపేవి.

ఇరవయ్యో ఏట 'కండక్టరు' పేరు మీద నోటీసు వచ్చింది.

కండక్టరంటే మనిషి కాదు, బస్టాండులో ఉండే నల్లమచ్చల కుక్క. బస్సు కదిలే ముందు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఎవరైనా ముసలమ్మ కింద ఉండిపోతే డ్రైవరు వైపు తిరిగి రెండుసార్లు మొరిగేది. అందరూ ఎక్కాక ఒకసారి మొరిగితే బస్సు కదిలేది. రోజూ మధ్యాహ్నం తవిటయ్య క్యారేజీలో అడుగున మిగిలిన ముద్ద దానిదే. బస్సు ఎక్కడం ఆలస్యమైన పెద్దమనిషెవరో, అది తనను చూసి మొరిగిందని అర్జీ పెట్టాడు.

తవిటయ్య మొట్టమొదటిసారి అబద్ధం రాశాడు: "సదరు కుక్క చిరునామాలో లేదు." కానీ మర్నాడు తెల్లారేసరికి కండక్టరు ఆఫీసు దగ్గర అతని సైకిలు పక్కన కూర్చుని ఉంది. తన పేరు మీద కాగితం ఉందని దానికి ఎవరు చెప్పారో! శానిటరీ ఇన్‌స్పెక్టరు శ్యామల చూసి, "లేదని రాశావు, ఇదేంటయ్యా?" అంది.

"ఇప్పుడే ఒచ్చిందమ్మా" అన్నాడు తవిటయ్య. తప్పక నోటీసు ఇచ్చాడు. అది బుధవారం. కండక్టరు ముద్ర మొదటిసారే శుభ్రంగా పడింది.

శుక్రవారం కౌన్సిలు సమావేశం. అందరికీ టీలు ఇచ్చి బయటికి పోవలసిన తవిటయ్య పోకుండా, ట్రే పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు.

"బాబూ, అమ్మా, ఒక్క మాట. ఆటికి పిచ్చి రాకుండా సూదులెయ్యండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను సెయ్యండి, ఏ ఈదిది ఆ ఈదిలో ఒగ్గీయండి. షెడ్డులో ఉన్నోటికి ఇంత కూడెట్టి, ఎవులైనా పెంచుకుంటామంటే ఇచ్చీయండి. సంపడం ఆపీయండి. పంతొమ్మిదేళ్లు ఇచ్చినాను నోటీసులు. ఇంక నా సెయ్యి రాదు."

"నువ్వా ఈ మాట అనేది! కుక్కలకి యముడివి నువ్వే కదయ్యా!" అన్నాడు ఒక కౌన్సిలరు. అందరూ నవ్వారు.

"అందుకే అంటన్నాను బాబూ. ఇంకెవులికి తెలుస్తాది?"

నవ్వు ఆగింది. ఛైర్‌పర్సను కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇకపై బొబ్బర్లపేటలో ఏ జంతువునూ చంపరాదని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. చప్పట్లు కొట్టారు. తవిటయ్యకి ఎవరో టీ ఇచ్చారు, అతను తెచ్చిన టీయే.

సాయంత్రం కమిషనరు ముకుందరావు అతన్ని పిలిచి కుర్చీ చూపించాడు. మర్యాదస్తుడు.

"చూడు తవిటయ్యా, ఇచ్చిన నోటీసులు రద్దు చేయాలంటే రద్దు నోటీసు ఇవ్వాలి. దానికీ గడువు ఏడు రోజులే. ఈరోజు ఇస్తే వచ్చే శుక్రవారం నుంచి అమలు."

"కండక్టరుది బుధవారం బాబూ."

"రెండు రోజులు తేడా వచ్చింది. నాకూ బాధగానే ఉంది. కానీ ఒకటి ఆలోచించు. హాజరు కాని కుక్కని వెతికి పట్టుకురమ్మని రూల్లో ఎక్కడా లేదు. అది రాకపోతే నేనేమీ చేయలేను."

తవిటయ్యకి ప్రాణం లేచొచ్చింది. తిన్నగా బస్టాండుకి పోయాడు. "బుధవారం నువ్వు రావద్దురా. నా ఉజ్జోగానికి ఏటీ అవదు. అమ్మతోడు" అని చెప్పాడు. కండక్టరు అతని మొహంలోకి చూసి చెయ్యి నాకింది. నమ్మినట్టు లేదు. పంతొమ్మిదేళ్ల కిందట అతను మొదటి కుక్కని ఏం చెప్పి రప్పించాడో దాని తాతముత్తాతల నుంచీ దానికి తెలుసు. మంగళవారం దాన్ని రాజాం బస్సు ఎక్కించి, డ్రైవరు చేతులు పట్టుకుని, అక్కడే దింపేయమన్నాడు.

బుధవారం తొమ్మిదీ నలభైకి రాజాం నుంచి వచ్చిన బస్సు షెడ్డు ముందు ఆగింది. అక్కడ ఎప్పుడూ ఆగదు. లోపల ఎవరో రెండుసార్లు మొరిగితే ఆపానని డ్రైవరు చెప్పాడు. కండక్టరు దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కసారి మొరిగి దాన్ని పంపించేసి, వెనక గేటు దగ్గర నిలబడింది. ఆ రోజు వరసలో అదొక్కటే. తవిటయ్యని చూసి తోక ఊపింది, నీకేం భయం లేదన్నట్టు.

పది గంటలకి ఇంజెక్షను ఇచ్చారు. హాజరు నూటికి నూరు.

శుక్రవారం నుంచి తీర్మానం అమల్లోకి వచ్చింది. షెడ్డుకి రంగులేశారు, గిన్నెలు కొన్నారు, ముందు గేటుకి బంతిపూల దండ కట్టారు. గుడ్డూ అన్నం పెడతాం రమ్మని కుక్కలకి నోటీసులు వెళ్లాయి. అన్నీ వచ్చాయి. కానీ వెనక గేటు దగ్గరే, వరసలోనే, పది గంటలకే నిలబడ్డాయి. ఎంత పిలిచినా ముందు గేటుకి రాలేదు. చివరికి గిన్నెలే వెనక్కి మార్చారు.

చంపే నోటీసులు లేవు కాబట్టి తవిటయ్యని ఆక్రమణల విభాగానికి మార్చారు. మొదటి రోజే కాలవగట్టు మీది గుడిసెలకి నలభై కాగితాలు ఇచ్చి పంపారు. మొదటి గుడిసెలో ఉండే గౌరమ్మ ముందు అలవాటుగా గొంతుక్కూర్చుని చదివి వినిపించాడు: ఏడు రోజుల్లో ఖాళీ చేసి, బుధవారం పది గంటలకు ఆఫీసులో హాజరు కావలెను.

గౌరమ్మ కాగితం వైపు చూడలేదు. అతని మొహం చూసింది.

"అదేటి నాయినా, కళ్లంట నీళ్లు? మేం రాకపోతే నీ ఉజ్జోగం గాని పోద్దేటి?"

తవిటయ్య మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఒస్తాంలే, బెంగెట్టుకోకు" అంటూ ఆవిడ సిరా పెట్టె దగ్గరికి లాక్కుని, బొటనవేలు తానే అద్దుకుంది. ముద్ర శుభ్రంగా పడింది.