నోయెల్ లూబీ రికార్డులు ఎవరు కొంటున్నారు?

"ఐర్లండులో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే కారణం ఒకటే, మలాకీ. నేనొక్కణ్ణే ఉన్నాను, ఎక్కడికని వెళ్ళను?" అన్నాడు ఫెస్టస్ టార్పీ, కత్తి నూరుకుంటూ.

మలాకీ డుయిగ్నన్ కిల్‌బ్రాకన్ ఊరికి పోస్టుమాన్. రోజూ ఫెస్టస్ క్షవరశాలలో పది నిమిషాలు కూర్చోవడం అతని అలవాటు. ఆ పది నిమిషాల్లో నోరు తెరిచే అవకాశం రాకపోవడం అతని ఖర్మ. ఫెస్టస్ క్షవరాలు చేసేది పొట్ట కోసం, అపరాధ పరిశోధన చేసేది లోకకల్యాణం కోసం. ఇప్పటిదాకా అతను ఛేదించిన కేసు ఒక్కటే. ఫాదర్ గారి కోళ్ళను ఎత్తుకుపోతున్న నక్కది. ఆ నక్కను కూడా బస్సు గుద్దింది.

అది అరవయ్యారో సంవత్సరం, మార్చి నెల. అప్పుడే నోయెల్ లూబీ లోపలికి వచ్చి ఒక ఉత్తరం మలాకీ చేతిలో పెట్టాడు. పంది మాంసం ఫ్యాక్టరీలో తన ఉద్యోగానికి రాజీనామా అట. మధ్యాహ్నం బట్వాడాలో మేనేజరుకు అందాలన్నాడు. మలాకీ దిగులుగానే దాన్ని సంచీలో వేసుకున్నాడు. ఆ ఉద్యోగం కోసం ఊళ్ళో పన్నెండు మంది కాచుకుని ఉన్నారు, పోతే మళ్ళీ రాదు.

నోయెల్‌ది పగలు ఫ్యాక్టరీలో పని, రాత్రి డాన్సు బ్యాండులో పాట. అతని మొదటి రికార్డు వచ్చి మూడు వారాలైంది. అప్పుడే రేడియో వాళ్ళ జాబితాలో ఐదో స్థానానికి చేరింది. రేడియో వాళ్ళు దుకాణాలకు ఫోన్ చేసి ఏది ఎన్ని అమ్ముడయ్యాయో అడిగి ఆ జాబితా కడతారు. ఇంత చిన్న ఊళ్ళో హ్యాన్లీ గారి కొట్లోనే వందల మీద పోయాయి.

"కానీ ఒక్కళ్ళూ నా పాట కూనిరాగం తీయట్లేదు, ఫెస్టస్ గారూ" అన్నాడు నోయెల్. "మా మేనత్త మూడుసార్లు కొట్టుకెళ్ళింది, మూడుసార్లూ అయిపోయాయన్నారు. ఎవరు కొంటున్నట్టు?"

మలాకీకీ అదే అనుమానం. అతను రోజూ ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ నిలబడతాడు. ఏ వంటింట్లోనూ ఆ పాట వినపడలేదు. ఫెస్టస్ మాత్రం కళ్ళు సగం మూసి, ఇది ఒక అంతర్జాతీయ కుట్ర అని తేల్చేశాడు. మోనాగన్ నుంచి వచ్చే పోటీ బ్యాండు వాళ్ళు రికార్డులన్నీ కొని కాల్చేస్తున్నారట. ఎందుకంటే వాళ్ళ బాకా ఊదేవాడి మెడ వెనక రెండు సుడులున్నాయి. ముఖం అబద్ధం చెబుతుంది గానీ మెడ చెప్పదని అతని సిద్ధాంతం.

ముగ్గురూ హ్యాన్లీ గారి కొట్టుకు వెళ్ళారు. అక్కడ ముందు రేడియోలు, రికార్డులు, మధ్యలో మేకులు, వెనక శవపేటికలు అమ్ముతారు. మొత్తం మూడు వందల పన్నెండు రికార్డులు తెప్పిస్తే దాదాపు అన్నీ పోయాయని కొట్టు యజమానురాలు చెప్పింది. కొన్నది ఎవరంటే మాత్రం, మిగిలిన కొన్నిటి కోసం ఇప్పుడే మళ్ళీ వస్తారు, మీరే చూసుకోండి అంది. ఫెస్టస్ శవపేటిక మూత వెనక నక్కాడు. మలాకీనీ నోయెల్‌నీ వీధి మలుపులో కాపలా పెట్టాడు. పావుగంటకు పరిగెత్తుకొచ్చాడు.

"ముఖం కనపళ్ళేదు, మెడ చూశాను. ఊరివాడు కాదు. ఆ మెడ మీద క్షవరం చేసినవాడు మనిషి కాదు, కసాయి" అన్నాడు.

ఆ మెడవాడు ఎక్కిన కారు వెంట ముగ్గురూ పరిగెత్తి, ఊరి చివర డాన్సు హాలు దగ్గర దాన్ని పోగొట్టుకున్నారు. ఈస్టరుకు ముందు తపస్సు రోజులు కావడంతో హాలుకు తాళం వేసి ఉంది. ఆ నలభై రోజులూ డాన్సు ఆడితే పాపం కాబట్టి అటు పిట్ట కూడా వాలదు. ఆ తపస్సు రోజుల్లో తీపి ముట్టనని ఫెస్టస్ చర్చిలో అందరి ముందూ ఒట్టేశాడు. అతని కోటు జేబులో కేకు ముక్క ఉంది. నేరస్థుడు వెనక కిటికీలోంచి దూరి ఉంటాడని చెప్పి తానే ముందు దూరాడు. మిగతా ఇద్దరూ దూరేసరికి ఒక మూల, గుడ్డ కప్పిన గుట్ట మీద కూర్చుని బుగ్గలు ఉబ్బించుకుని ఉన్నాడు. వాళ్ళను చూసి ఉలిక్కిపడి లేవబోయాడు. గుట్ట కూలింది.

గుట్ట నిండా రికార్డులు. అన్నిటి మీదా నోయెల్ ముఖమే నవ్వుతోంది.

"మోనాగన్ వాళ్ళు" అన్నాడు ఫెస్టస్, నోట్లోంచి కేకు పొడి రాలుతుండగా.

అప్పుడే ముందు తలుపు తాళం తెరుచుకుంది. నోయెల్ బ్యాండుకు మేనేజరూ ఈ హాలుకు యజమానీ అయిన ప్రంటీ గారు, ఒక చేత్తో టోపీ తీస్తూ, ఇంకో చంకలో పాతిక రికార్డులతో లోపలికి వచ్చారు. ఫెస్టస్ చుట్టూ తిరిగి ఆయన వెనక్కి చేరాడు.

"ఆ మెడే! చెప్పండి, ఈ క్షవరం చేసిన కసాయి ఎవడు?"

"నువ్వే. పోయిన గురువారం" అన్నారు ప్రంటీ.

ఆయనకు సిగ్గేమీ లేదు. నాలుగో స్థానంలో ఉన్నవాడి రికార్డులన్నీ వాడి మేనేజరు పశువుల కొట్టంలో ఉన్నాయట. ఈ వ్యాపారంలో అందరూ చేసేదే ఇది. "ముందు పైకి ఎక్కించాలి బాబూ, జనం తర్వాత వింటారు. ఈస్టరుకి నా హాలు నిండాలా వద్దా?" అన్నారు.

నోయెల్ నేల మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఎవరూ ఆపలేదు. ప్రంటీ చంకలోవి కూడా అడిగి తీసుకుని కలిపాడు.

"మూడు వందల పదకొండు" అన్నాడు చివరికి. తలెత్తాడు. మొహంలో ఒక్కసారి వెలుగొచ్చింది. "ఒకటి తక్కువుంది, మలాకీ అన్నా. ఎవరో ఒకళ్ళు నిజంగా కొన్నారు."

ఫెస్టస్ గొంతు సవరించుకున్నాడు. "అది నేనే. ఇందాక కొట్లో. సాక్ష్యం కోసం."

"విన్నారా?" అన్నాడు నోయెల్.

"నాకు గ్రామఫోను ఎక్కడిది?"

మలాకీకి ఫెస్టస్ మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది. నోయెల్ లేచి మలాకీ ముందు చెయ్యి చాపాడు. సంచీలో పడ్డ ఉత్తరం అందుకోవలసినవాడిదే, రాసినవాడిది కాదు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో మలాకీ ఆ నియమం తప్పలేదు. అతను సంచీ మూత తెరిచి, వెనక్కి తిరిగి, గోడ వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఇటు తిరిగేసరికి సంచీ ఒక ఉత్తరం తేలికైంది.

ఆదివారం రేడియోలో ఆ పాట మూడో స్థానానికి ఎక్కింది. సోమవారం నోయెల్ మామూలుగా ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఫెస్టస్ తన క్షవరశాల అద్దం ముందు ఆ రికార్డును నిలబెట్టి, కింద "ఛేదించిన కేసు" అని రాసిపెట్టాడు. ఊరు మొత్తంలో దాన్ని నిజంగా కొన్నవాణ్ణి నేనొక్కణ్ణే అని వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చెబుతాడు, కుర్చీలో కూర్చున్నది నోయెల్ అయినా సరే.